ఓర్చే నీళ్ళు

నౌపడ మడిలో పుట్టిన ఉప్పుకి
ఏ పక్షమూ లేదు.
లిట్మస్ కాగితం ముంచితే
నీలం నీలంగానే, ఎరుపు ఎరుపుగానే తిరిగొస్తుంది.
మా అమ్మ తవిటమ్మ ముప్పై వేసవులు
చెక్కపారతో దాన్ని గుట్టలేసింది.
అరికాళ్ళు చిట్లాయి గాని
ఆ ఉప్పు ఎవరి వైపూ మొగ్గలేదు.

అందుకే నేను కాలేజీ సంగతి చెప్పిన రాత్రి
"ఉప్పులో పులుపేటే, నీకు మతిపోనాదేటి?" అంది.

టెక్కలి జూనియర్ కాలేజీ ల్యాబులో
సీసాలు కడిగే అటెండర్ని నేను.
పాఠం నాకోసం కాదు.
తొట్టి దగ్గర నిలబడితే అదే చెవిలో పడుతుంది.
సరిజోడు బలాలున్న ఆమ్లానికీ క్షారానికీ
పుట్టిన ఉప్పు నిమ్మళంగా ఉంటుందట.
ఒకరిది గట్టి చెయ్యి, ఒకరిది మెత్తని చెయ్యి అయితే
నీళ్ళలో పడగానే
గట్టి చేతివాళ్ళ పోలిక బయటపెడుతుందట.

బూడితి కంచరి గున్నయ్య గుర్తొచ్చాడు.
కాగుతున్న బిందె అడుగున నవాసారం చల్లి
పాతగుడ్డతో ఒక్క రుద్దు.
తెల్లపొగ లేచేది. కిలుము కరిగి
ఇత్తడి ఒళ్ళు విరుచుకునేది.
ఉప్పే అది, లోపల పులుపు దాచుకున్న ఉప్పు.
మరి బట్టల సోడా?
పసుపు మరక మీద పడిందో
పారాణి అంత ఎర్రన.
అదీ ఉప్పే.
ఇన్నాళ్ళూ చేతులకు తెలిసిన వాటికి
ఇప్పుడు పేర్లొస్తున్నాయి.

ఒక బుధవారం లోలుగు వసుంధర మేడం
రెండు బీకర్లు పెట్టింది.
ఒకదానిలో ఉత్త నీళ్ళు, ఆకుపచ్చగా.
రెండోదానిలో వెనిగర్ ఆమ్లం, పక్కనే దాని ఉప్పు, నారింజ రంగులో.
రెంటిలోనూ ఘాటు ఆమ్లం ఒక్కో చుక్క.
నీళ్ళు ఎర్రబారి కూలిపోయాయి.
రెండోది ఉలకలేదు, పలకలేదు.
"వచ్చిన పులుపుని ఉప్పు ఎదురెళ్ళి పట్టుకుంది," అంది మేడం.
"క్షారం పోస్తే ఆమ్లం తనని ఖర్చు పెట్టుకునేది."

పిల్లలు రాసుకున్నారు.
నా చేతిలో గాజు గొట్టం జారింది.

మంగళవారం, శుక్రవారం
నేను సోంపేటలో ఉంటాను.
కవిటి కొబ్బరితోటల మనిషి మా అసిరయ్య
నాలుగు గంటలు మంచం మీద.
అతని పక్కన రెండు డబ్బాలు:
ఎర్ర గొట్టంది ఆమ్లం, నీలం గొట్టంది బైకార్బ్.
లిట్మస్ రంగులే. ఎవరు ఎంచారో గాని.
"రెండూ మిషన్లో కలుస్తాయి అక్కా,
రక్తం ఏడు పాయింటు నాలుగు దగ్గర ఉండాలి," అన్నాడు
టెక్నీషియన్ సవర మంగయ్య,
బస్సు టైము చెప్పినంత మామూలుగా.

ఆ బుధవారం పిల్లలు వెళ్ళాక అడిగాను.
"ఎంతదాకా ఓరుస్తుంది మేడం?"
ఆవిడ నా వైపు చూసి
డ్రాపర్ నా చేతికిచ్చింది.

ఒకటి. నారింజ.
తొమ్మిది. నారింజే.
పదిహేడు, ఇరవై. కొంచెం ముదిరిందా?
లేదు, కిటికీ వెలుగు.
ఇరవై మూడో చుక్కకి
బీకరంతా ఒక్కసారి ఎరుపు.

అతనూ అంతే.
ఏ నీళ్ళో, ఏ మట్టో, ఎవరూ తేల్చలేదు.
చెట్టెక్కాడు, దిగాడు, బీడీ కాల్చాడు.
కాళ్ళు ఉబ్బేదాకా
లోపల ఎవరో చుక్కలు లెక్కపెడుతున్నారని
అతని రక్తం మాకు చెప్పలేదు.
ఓర్పంటే సద్దు లేకుండా తరగడమని
నాకెవరు నేర్పారు గనక?

బీకరు కడిగేశాను. మూడుసార్లు, రూలు ప్రకారం.

శుక్రవారం అమ్మ నాతో వచ్చింది.
నీలం గొట్టం డబ్బా మూత దగ్గర
ఎండి తెల్లగా పేరుకున్నదాన్ని
వేలితో గీరి నాలిక మీద పెట్టుకుంది.
మొహం చిట్లించింది.
"ఉప్పేనా ఇది?"
"ఉప్పేనమ్మా."
"మా మడిది కాదు," అంది,
వేలు చీర చెంగుకి తుడుచుకుంటూ.
కాసేపాగి మళ్ళీ డబ్బా వైపు చూసి,
"ఇంకెంతుందే అందులో?"